మేనల్లుడి జాబితాలో పదో సీటు

మొన్న ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడు ఊడిపడ్డాడు. చేతిలో నోటుపుస్తకం, చెవి మీద పెన్సిలు. ఆ వాలకం చూసి సినిమా కథేదో రాసుకొచ్చాడని హడలిపోయాను. ఈమధ్య మా గుమ్మం తొక్కే కుర్రాళ్ళలో సగం మంది కథతో వస్తున్నారు, తక్కిన సగం హీరో వేషం అడగడానికి వస్తున్నారు. అదృష్టం, ఇది రెండూ కాదు.

"మావయ్యా! ప్రపంచంలోకెల్లా గొప్ప కామిక్స్ పది ఏరాలి. సూపర్ హీరోలు ఉండకూడదు. మా కాలేజీ ఫిల్మ్ క్లబ్బులో పోటీ" అన్నాడు.

"సూపర్ హీరోలు ఏం పాపం చేశారురా?"

"వాళ్ళకి సినిమాలున్నాయి, బొమ్మలున్నాయి, చొక్కాలున్నాయి. ఇంకా జాబితాలెందుకు?"

కుర్రవాడు మాట నేర్చాడు! కాఫీ తెప్పించాను.

నిజమే మరి. కామిక్ నుంచి వచ్చిన సినిమా అనగానే మనకి గుర్తొచ్చేది భుజాన దుప్పటి కట్టుకుని ఎగిరే పెద్దమనిషే. కాని 2002లో వచ్చిన 'రోడ్ టు పర్డిషన్' కామిక్ నుంచే వచ్చింది. 2005 నాటి 'ఎ హిస్టరీ ఆఫ్ వయొలెన్స్' కూడా అంతే. కొరియావాళ్ళ 'ఓల్డ్‌బాయ్' ఉందే, సుత్తి పట్టుకుని వసారాలో ఫైటు, 2003లో వచ్చి మరుసటేడు కాన్‌లో గ్రాండ్ ప్రి కొట్టేసింది, దానికి మూలం జపాను కామిక్కు. ఇవి చూసి ఈలలు వేసినవాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలీదు. పేరు ఒకడిది, పెత్తనం ఇంకొకడిది.

"మరి ఫాంటమ్‌ని ఏం చేశావు?" అన్నాను. 

వాడు పెన్సిలు కొరికాడు. ఫాంటమ్ చిక్కు మీకూ తెలిసిందే. 1936లో లీ ఫాక్ పుట్టించిన మనిషి. ముసుగుంది, ఒంటికి అతుక్కున్న దుస్తులున్నాయి, పుర్రె ఉంగరం ఉంది. కాని ఎగరలేడు, గోడలు దూరలేడు, తుపాకి దెబ్బ తగిలితే చస్తాడు. సూపర్ హీరోనా కాదా? ఈ ప్రశ్న మీద మా తరంలో స్నేహాలు చెడిపోయాయి. "పక్కన పెట్టాను మావయ్యా" అన్నాడు మేనల్లుడు నీరసంగా. సరే, నేనూ పక్కనే పెడుతున్నాను.

వాడి జాబితా చదివాడు. అన్నీ ఇక్కడ ఏకరువు పెడితే ఎడిటరుగారు కత్తెర వేస్తారు కాబట్టి నాలుగు చెబుతాను. మొదటిది ఆర్ట్ స్పీగల్‌మన్ 'మౌస్'. హిట్లరు కాలంలో యూదులు పడ్డ నరకాన్ని తండ్రి నోట విని కొడుకు బొమ్మలుగా వేశాడు. యూదులకు ఎలుకల ముఖాలు, జర్మనులకు పిల్లుల ముఖాలు. 1986లో ఒక భాగం, 1991లో రెండో భాగం. 1992లో పులిట్జర్ వారి ప్రత్యేక బహుమతి. దీనికి ఎదురు చెప్పేవాడు లేడు, నేనూ చెప్పను. అందులో తండ్రిని దేవుణ్ణి చెయ్యలేదు చూశారూ, అదీ నాకు నచ్చింది. మృత్యువు నోట్లోంచి తిరిగొచ్చిన ముసలాయన న్యూయార్కులో కూచుని మాత్రలు లెక్కపెట్టుకుంటూ, పైసా పైసాకీ రెండో భార్యతో, కొడుకుతో పేచీ పడుతుంటాడు. కష్టాలు పడినంత మాత్రాన మనిషి మంచివాడైపోడు అని ఇంత ధైర్యంగా చెప్పిన కొడుకులు అరుదు.

రెండోది ఇరాన్ అమ్మాయి మర్జానె సత్రపి రాసిన 'పర్సెపొలిస్'. దాన్ని తనే ఇంకొకాయనతో కలిసి 2007లో సినిమా తీసింది. కాన్‌లో జ్యూరీ బహుమతి పంచుకుంది. మూడోది టిన్‌టిన్. అన్ని పుస్తకాలూ కాదు, 'టిన్‌టిన్ ఇన్ టిబెట్' ఒక్కటే. హెర్జే మొదట్లో వేసిన కాంగో కథలో ఆఫ్రికా జనాన్ని చిత్రించిన తీరు చూస్తే ఇవాళ తల దించుకోవాల్సిందే. అదే మనిషి 1960 నాటికి విలనే లేని సాహస కథ అచ్చేశాడు. తుపాకి పేలదు. మంచులో తప్పిపోయిన చైనా స్నేహితుడి కోసం వెతకడం, అంతే కథ. మధ్యలో మన ఢిల్లీ కూడా ఉంది లెండి, కెప్టెన్ హడాక్‌ని అక్కడ ఆవు ఎక్కించుకుని పరుగెత్తుతుంది. చివరి బొమ్మలో వెళ్ళిపోయే బిడారును దూరం నుంచి చూస్తూ నిలబడ్డ యతి వీపు... సరే, ఇక్కడే ఆగిపోతే అసలు గొడవ దాకా రాలేను.

నాలుగోది 'పీనట్స్'. చార్లీ బ్రౌన్, స్నూపీ. చార్లెస్ షుల్జ్ 1950 నుంచి యాభై ఏళ్ళపాటు వేశాడు. చివరి ఆదివారం బొమ్మ 2000 ఫిబ్రవరి 13న పేపర్లలో వచ్చింది. ఆయన 12 రాత్రి పోయాడు. మన సినిమా రచయితలెవరైనా ఇలా రాస్తే "మరీ నాటకీయంగా ఉందయ్యా" అని కొట్టేస్తాం.

తొమ్మిదీ అయ్యాయి. పదో సీటు ఖాళీ. "నీ మాటేమిటి మావయ్యా?" అన్నాడు.

"గెన్" అన్నాను.

సరిగ్గా అప్పుడే మా సెకండ్ షో మిత్రుడు లోపలికొచ్చాడు. పేరెందుకు లెండి. వాడికి ముప్ఫై ఏళ్ళుగా నాతో అన్ని సినిమాలూ చూడటం, అన్నిటి మీదా పోట్లాడటం అలవాటు. వాడు చెప్పులు విడవకుండానే అందుకున్నాడు.

"గెనా? ఆ ఏడుపుగొట్టు పుస్తకమా? గురూ, దానికంటే మన పాత సెంటిమెంటు సినిమాలు నయం. ప్రతి పేజీలో ఎవడో ఒకడు అరుస్తాడు. కన్నీళ్ళు కుళాయి తిప్పినట్టు కారతాయి. ఊరు తగలబడిపోతుంటే మధ్యలో కామెడీ ట్రాకొకటి! 'మౌస్' చూడు, ఎంత నిగ్రహం! ఆ పక్కన దీన్ని ఎలా కూచోబెడతావురా?"

తెలియనివారి కోసం రెండు ముక్కలు. 'బేర్‌ఫుట్ గెన్' జపాను కామిక్. కాళ్ళకు చెప్పులు లేని గెన్ అని అర్థం. వేసినవాడు కేజి నకజావా. 1973లో పిల్లల వారపత్రిక 'షోనెన్ జంప్'లో మొదలైంది. తర్వాత పత్రికలు మారుతూ 1980ల దాకా సాగి పది సంపుటాలైంది. హిరోషిమాలో ఒక చెక్కచెప్పుల మీద బొమ్మలు వేసుకునే తండ్రి. యుద్ధం తప్పు అని బాహాటంగా అంటాడు కాబట్టి వీధంతా ఆ కుటుంబాన్ని దేశద్రోహులంటుంది. తిండి లేదు. తల్లి నిండు చూలాలు. పిల్లవాడు గెన్ అల్లరివాడు, ఎప్పుడూ ఆకలే. తండ్రి పిల్లలతో ఒక మాట అంటుంటాడు, గోధుమ మొక్కలా ఉండండి, తొక్కేకొద్దీ గట్టిగా లేస్తుంది అని. తర్వాత 1945 ఆగస్టు 6.

ఇది కట్టుకథ కాదు. నకజావా ఆ రోజు హిరోషిమాలో ఉన్నాడు. ఆరేళ్ళవాడు. బడి గేటు దగ్గరుండగా బాంబు పడింది. ప్రహరీగోడ అడ్డం ఉండబట్టి బతికాడు. ఇల్లు కూలి తండ్రీ, అక్కా, తమ్ముడూ దూలాల కింద ఇరుక్కుపోయి నిప్పుకి ఆహుతయ్యారు. తల్లి ఆ రోజే ఒక ఆడపిల్లని కంది. ఆ పసిబిడ్డా కొన్ని నెలలకే పోయింది.

ఇక మా వాడి ఫిర్యాదు. న్యాయంగా చెప్పాలంటే అందులో నిజం ఉంది. నేను కూడా మొదటిసారి గెన్ చదివినప్పుడు ముప్ఫై పేజీలకే మూసేశాను. బొమ్మలు మొరటుగా అనిపించాయి. అన్నదమ్ములు ఒకళ్ళనొకళ్ళు గుద్దుకోవడం, తండ్రి పిల్లల్ని చితకబాదడం, మనుషులు గాల్లోకెగిరి పడటం, ఇదేదో చవకబారు హాస్యంలా ఉందనుకున్నాను. కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ తెరిచాను. ఈసారి ముప్ఫై పేజీలు దాటాను. దాటాక తెలిసింది, ఆ వెకిలి నవ్వులన్నీ ఎందుకు పెట్టాడో. ఆ తమ్ముడు మనకి బాగా అలవాటవ్వాలి. వాడి అల్లరి, వాడి ఏడుపు, అన్న తెచ్చిచ్చిన చెక్క ఓడ చూసి వాడి గంతులు, అన్నీ మన ఇంట్లో పిల్లాడివే అనిపించాలి. అప్పుడు ఆ ఇల్లు కూలుతుంది.

ఆ ఘట్టం గురించి ఒక సంగతి చెప్పాలి. గెన్ పరుగెత్తుకుంటూ ఇంటికొస్తాడు. తమ్ముడి తల మాత్రమే బయటికుంది. గెన్, తల్లి కలిసి దూలం ఎత్తబోతారు, కదలదు. మంటలు దగ్గరకొస్తుంటాయి. తమ్ముడు అన్నని పిలుస్తుంటాడు. తండ్రి, అమ్మని తీసుకుని పారిపొమ్మంటాడు. పేజీల కొద్దీ ఇదే. నిజ జీవితంలో ఆ సమయానికి నకజావా అక్కడ లేడు! బడి దగ్గరి నుంచి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అదంతా తల్లి చెప్పగా విన్నాడు. ఆ కేకలు ఆవిడ చెవుల్లోంచి జీవితాంతం పోలేదట. కొడుకు బొమ్మలు వేసేటప్పుడు మాత్రం గెన్‌ని తీసుకెళ్ళి ఆ దూలం పక్కనే నిలబెట్టాడు.

"ఇప్పుడు చెప్పరా" అన్నాను మా వాడితో. "తను లేని చోటికి, ముప్ఫై ఏళ్ళ తర్వాత, తనని తాను పంపించుకుని ఆ దూలాన్ని ఎత్తడానికి ప్రయత్నించాడు. ఎత్తలేకపోయాడు. దాన్ని నిగ్రహంగా ఎలా వెయ్యమంటావు?"

మా వాడు చెప్పులు విడిచాడు. కూచున్నాడు గాని ఒప్పుకోలేదు.

"అది మనిషి బాధ. దాన్ని కాదనను. కాని బాధ గొప్పదైనంత మాత్రాన పుస్తకం గొప్పదైపోతుందా? అలా అయితే మన వాళ్ళు క్యాన్సరు మీద తీసిన ప్రతి సినిమాకీ స్వర్ణకమలం ఇవ్వాలి."

మంచి మాటే. దీనికి జవాబు చెప్పాలంటే కామిక్ అనేది ఎలా పని చేస్తుందో కాస్త చెప్పుకోవాలి. సినిమా మీకు తెలిసిన సంగతే కనుక అక్కణ్ణించే మొదలెడతాను. బాపు గారు షూటింగుకి వెళ్ళే ముందు షాట్లన్నీ బొమ్మలుగా గీసుకునేవారు. సత్యజిత్ రాయ్ కూడా 'పథేర్ పాంచాలి'ని ముందు కాగితం మీద బొమ్మల్లోనే చూసుకున్నాడు. అంటే కామిక్‌కీ సినిమాకీ చుట్టరికం దగ్గరిదే. కాని ఒక్క తేడా ఉంది. సినిమాలో ఒక షాటు ఎంతసేపుండాలో ఎడిటరు నిర్ణయిస్తాడు. కళ్ళు మూసుకున్నా రీలు ఆగదు. కామిక్‌లో రెండు గళ్ళ మధ్య తెల్లటి సందు ఉంటుంది. ఆ సందులో జరిగేది బొమ్మ వేసినవాడు వెయ్యడు, చదివేవాడు ఊహించుకుంటాడు. పేజీ తిప్పేదీ మనమే. తిప్పకపోతే ఏమీ జరగదు.

గెన్ మీద 1983లో యానిమేషన్ సినిమా వచ్చింది, మోరి మసాకి దర్శకుడు. బాంబు పడే దృశ్యం చూస్తే గొంతు తడారిపోతుంది. బెలూను పట్టుకున్న చిన్నపిల్ల కళ్ళ ముందే కరిగిపోతుంది. వెయ్యిమంది మధ్య చీకట్లో కూచుని చూసినా ఒంటరిగానే అనిపిస్తుంది. అయినా అది గడిచిపోతుంది. రీలు తిరుగుతుంది, మనం బతికి బయటపడతాం. పుస్తకంలో అలా కాదు. దూలం ఘట్టం దగ్గర నేను పేజీ తిప్పకుండా కూచున్నాను. తిప్పితే ఆ పిల్లవాడు పోతాడు. తిప్పకపోతే ఆ మంటల్లోనే అరుస్తూ ఉంటాడు. ఆ రెండిట్లో ఒకటి నా వేలితో నేనే చెయ్యాలి. ఇది సినిమా చెయ్యలేదు, నవల కూడా ఇలా చెయ్యలేదు. అందుకే గెన్ గొప్ప 'విషయం' కాదు, గొప్ప 'కామిక్' అంటున్నాను.

మా వాడు తగ్గలేదు. "మధ్య సంపుటాల సంగతేమిటి? చెప్పిందే చెప్పడం, ఉపన్యాసాలు..." అన్నాడు. ఒప్పేసుకున్నాను. నాలుగో సంపుటం దాటాక నకజావా చాలాచోట్ల మైకు పట్టుకుంటాడు. పది సంపుటాల్ని ఏడు చేసినా నష్టం లేదు. మన సినిమాల్లో కూడా ఇంటర్వెల్ తర్వాత ఇరవై నిమిషాలు బయటికెళ్ళి టీ తాగి రావచ్చు, అంతమాత్రాన సినిమా చెత్తదైపోతుందా?

నా దగ్గర ఇంకో తురుపు ముక్క ఉంది. అది వేశాను. నిగ్రహం నిగ్రహం అని నువ్వు నెత్తిన పెట్టుకున్న 'మౌస్' స్పీగల్‌మన్ ఉన్నాడే, ఆయనే గెన్ ఇంగ్లీషు అనువాదానికి ముందుమాట రాశాడు. 1970ల చివర్లో, 'మౌస్' పని అప్పుడప్పుడే మొదలెట్టిన రోజుల్లో, ఒళ్ళు కాలే జ్వరంలో గెన్ చదివాడట. ఆ బొమ్మలు ఆయన్ని వదిలిపెట్టలేదట. అంటే మనం పొడుగు పీట వేసి కూచోబెట్టినవాడే లేచి నిలబడి దీనికి దణ్ణం పెట్టాడు!

"మరి ముందే చెప్పలేదేం?" అన్నాడు మేనల్లుడు పెన్సిలు చెవి మీంచి తీస్తూ.

"పెద్దవాళ్ళు మెచ్చుకున్నారని చెబితే నువ్వు చదవవు కనుక."

నన్ను ఈ పుస్తకం వెనక ఇంత గట్టిగా నిలబెట్టింది వేరే సంగతి. 2012 డిసెంబరులో నకజావా చనిపోయాడు. అదే నెలలో జపానులో మత్సుయె అనే ఊళ్ళో విద్యాశాఖవారు బడి లైబ్రరీల్లో గెన్‌ని పిల్లలకి అందకుండా లోపల పెట్టమన్నారు. జపాను సైన్యం చేసిన దురాగతాలు కూడా దాచకుండా వేశాడు కదా, అవి పిల్లలు చూడకూడదని. మరుసటేడు సంగతి బయటికి పొక్కి గొడవైతే ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. సరే, అది వేరే ఊరు. 2023లో ఏకంగా హిరోషిమా నగరమే తన శాంతి పాఠాల పుస్తకంలోంచి గెన్‌ని తీసేసింది. కారణాల్లో ఒకటి వింటే మీరు నవ్వాలో ఏడవాలో తెలియదు. గెన్ ఒకచోట తల్లి కోసం పక్కవాళ్ళ చెరువులో చేపని దొంగిలించబోతాడు. నిండు చూలాలు, తిండి లేక నీరసించిపోయింది, చేప తింటే బలం వస్తుందని. ఇది నేటి పిల్లలకి తప్పుగా అర్థమవుతుందట!

అమ్మ కోసం దొంగతనం చేసిన హీరోని మనం ఎన్నిసార్లు చూశాం? ఎన్ని సినిమాల్లో ఆ రొట్టెముక్క దగ్గర నేల క్లాసు మొత్తం ముక్కులు చీదింది? మన పల్లెటూరి ముసలమ్మకైనా ఆ చేప అర్థమవుతుంది. వివరించనక్కర్లేదు. ఇక్కడే నాకు మా సెకండ్ షో మిత్రుడి మీద కోపం వచ్చింది. అరుపులూ, కన్నీళ్ళూ, మధ్యలో నవ్వులూ ఉన్నాయని గెన్‌ని వెక్కిరించేవాడు, అవే ఉన్నాయని మన సినిమాని వెక్కిరించే పెద్దమనుషుల పక్కన కూచున్నట్టే. ఇంగ్లీషు విమర్శకులకి ఆ గోల ఇబ్బంది అయితే అయింది. మనకేం ఇబ్బంది? మనం పెరిగిందే ఆ గోలలో! ఇంటిల్లిపాదీ ఏడుస్తూ ఉండగా మూలనున్న బామ్మ ఒక చెణుకు విసరడం, అందరూ ఏడుపు ఆపి నవ్వడం, మళ్ళీ ఏడవడం, ఇది మనకి కొత్తా?

(అన్నట్టు 'మౌస్' కూడా ఈ గండం గట్టెక్కలేదు. 2022 జనవరిలో అమెరికాలో టెనెసీ రాష్ట్రపు ఒక జిల్లా విద్యాబోర్డు దాన్ని పాఠాల్లోంచి తీసేసింది. బూతు మాటలున్నాయట. వెంటనే పుస్తకం దుకాణాల్లో ఎగబడి కొన్నారు. పుస్తకానికి నిషేధాన్ని మించిన పబ్లిసిటీ లేదు, మన నిర్మాతలకి ఎవరూ చెప్పకండి.)

మేనల్లుడు ఒక ప్రశ్న వేశాడు. "మనవాళ్ళది ఒక్కటీ లేదేం మావయ్యా జాబితాలో?" అన్నాడు. ముగ్గురం ఒకళ్ళ ముఖాలొకళ్ళం చూసుకున్నాం. అమర్ చిత్ర కథ ఉంది. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టి తరాల తరబడి పిల్లలకి పురాణాలు నేర్పించాడు. నేర్పడం వేరు, పదిలో నిలవడం వేరు. చందమామ ఉంది, కాని అది బొమ్మల కథల పత్రిక, కామిక్ కాదు. తెలుగులో బుజ్జాయి గారి 'డుంబు' ఉంది. ఆంధ్రప్రభ వారపత్రికలో వచ్చేది. 'మల్లీశ్వరి' పాటలు రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి అబ్బాయే ఆ బుజ్జాయి. 2022లో పోయారు. మా మిత్రుడు 'డుంబు' పేరు వినగానే కళ్ళు తుడుచుకున్నంత పని చేశాడు. ఏడుపుగొట్టు పుస్తకాలంటే పడని మనిషి!

"అయితే పదో సీటు డుంబుకే" అన్నాడు.

"గెన్‌ని ఏం చేస్తావు?"

"తొమ్మిదిలో ఒకదాన్ని దింపు."

"దేన్ని?"

మధ్యాహ్నం భోజనాల దాకా తేలలేదు. పీనట్స్‌ని దింపుదామన్నాడు వాడు, వాడిని దింపుదామన్నాను నేను. మేనల్లుడు మాత్రం చడీచప్పుడు లేకుండా నా బీరువాలోంచి గెన్ మొదటి సంపుటం తీసి సంచిలో పెట్టుకున్నాడు. రాత్రి పదకొండింటికి ఫోను చేశాడు.

"మావయ్యా, దూలం దగ్గరున్నాను" అన్నాడు.

"పేజీ తిప్పావా?"

"ఇంకా లేదు."

మీ పది పేర్లు నాకు రాయండి. సూపర్ హీరోలకి ప్రవేశం లేదు. ఫాంటమ్ అభిమానులు దయచేసి ఇంటికి రావద్దు, ఉత్తరం రాస్తే చాలు.